సర్వరు వ్రాసే చిట్టా - మనకు అందవలసిన ఉత్తరం

(తృతీయ సంవత్సరం బి.ఎస్‌సి. విద్యార్థి)

చిట్టా అనే మాట వినని తెలుగువాడు అరుదు. కిరాణా కొట్టు షావుకారు పొద్దున తలుపు తీసింది మొదలు రాత్రి తాళం వేసే వరకు ఇచ్చినదీ పుచ్చుకున్నదీ వరుసగా వ్రాసుకునే పుస్తకమే చిట్టా. అలాంటి పుస్తకం ఒకటి ప్రతి కంప్యూటరులోనూ ఉన్నదనీ, అందులో ఆ యంత్రం తన కష్టసుఖాలన్నింటినీ తేదీ, గంట, నిమిషం, సెకనుతో సహా తానే వ్రాసుకుంటుందనీ మనలో చాలామందికి తెలియదు. దీన్నే ఈవెంట్ లాగ్ అంటారు. షావుకారు చిట్టాకూ దీనికీ ఒక్కటే తేడా. షావుకారు తన చిట్టాను సాయంత్రం తానే తిరగేస్తాడు. కంప్యూటరు చిట్టాను తిరగేసేవాడు సాధారణంగా ఎవడూ ఉండడు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ తేడా గురించే. చిట్టాలో ఒక మాట పడటం వేరు, అది మనిషి కంట పడటం వేరు. ఈ రెంటి మధ్య దూరాన్ని ఒక ఈ-మెయిలుతో ఎలా తగ్గించవచ్చునో, ఆ ఈ-మెయిలును మాత్రం ఎంతవరకు నమ్మవచ్చునో వివరిస్తాను. ఇతర శాఖల మిత్రులకు కూడా అర్థం కావాలని మామూలు మాటల్లోనే వ్రాస్తున్నాను. మా అధ్యాపకులు మన్నించాలి.

సర్వరు అంటే వింత యంత్రమేమీ కాదు. నలుగురి ఫైళ్ళూ తన దగ్గర దాచుకొని, అడిగినవాడికి అడిగినప్పుడు అందించే కంప్యూటరు, అంతే. రాత్రింబవళ్ళు నడుస్తూనే ఉండాలి కాబట్టి దానికి కష్టాలూ ఎక్కువే. మైక్రోసాఫ్టు వారి విండోస్ ఎన్‌టి 1993లో వచ్చినప్పటి నుంచీ అందులో ఈ చిట్టా ఉంది. తెరచి చూపే కిటికీ పేరు ఈవెంట్ వ్యూయర్. అందులో ముఖ్యంగా మూడు పుస్తకాలు ఉంటాయి. యంత్రం సంగతులు సిస్టం అనే పుస్తకంలో, దాని మీద నడిచే ప్రోగ్రాముల సంగతులు అప్లికేషన్ అనే పుస్తకంలో, ఎవరు లోపలికి వచ్చారు, ఎవరు రాబోయి విఫలమయ్యారు అనేవి సెక్యూరిటీ అనే పుస్తకంలో పడతాయి. ప్రతి వరుసకూ ఒక తీవ్రత, ఒక మూలం, ఒక నంబరు ఉంటాయి.

ఈ నంబర్లు చదవడం అలవాటైతే కథ చదివినట్టే ఉంటుంది. 6005 అంటే చిట్టా వ్రాసే గుమాస్తా పనిలోకి వచ్చాడు. 6006 అంటే చెప్పి సెలవు తీసుకున్నాడు. 6008 అంటే క్రితంసారి చెప్పకుండానే పడిపోయాడు. కరెంటు పోయి, యు.పి.ఎస్. కూడా చేతులెత్తేసిన మర్నాడు కనబడేది ఈ 6008. సెక్యూరిటీ పుస్తకంలో 4625 అంటే ఎవరో లోపలికి రాబోయి, పాస్‌వర్డు తప్పడం వల్లనో మరో కారణం వల్లనో రాలేకపోయారు. 1102 అంటే ఆ పుస్తకాన్నే ఎవరో తుడిచేశారు. దొంగ తన అడుగుజాడలు చెరిపేసుకుంటే, చెరిపిన సంగతే మొదటి వరుసగా మిగులుతుందన్నమాట. ఇది నాకు భలే నచ్చిన ఏర్పాటు. ‘డిస్క్’ అనే మూలం నుంచి 7 వస్తే డిస్కులో ఒక భాగం చెడింది, అక్కడ చదవడం కుదరడం లేదు అని అర్థం. అదే 7 వేరే మూలం నుంచి వస్తే అర్థం పూర్తిగా వేరు. ఒకే ఇంటి నంబరు రెండు వీధుల్లో ఉండవచ్చు కదా! అందుచేత నంబరుతో పాటు మూలాన్ని కూడా చూడాలి.

ఈ చివరి 7 గురించి ఒక ముచ్చట చెప్పాలి. నేను మొదటి సంవత్సరంలో చేరిన ఏడు రసాయనశాస్త్రం సీనియర్లు కొందరు వేసవి ఎండలో సైకిళ్ళ మీదా బస్సుల్లోనూ తిరిగి, చుట్టుపక్కల ఊళ్ళ బావుల నుంచీ బోర్ల నుంచీ నీళ్ళు పట్టుకొచ్చి, ఫ్లోరైడు ఎంత, కాఠిన్యత ఎంత అని కొలిచారు. ఆ అంకెలన్నీ ప్రయోగశాల సర్వరులో దాచారు. జూలైలో ఒకనాడు ఆ డిస్కు లేవలేదు. బాగుచేసేవాళ్ళకు చూపించినా లాభం లేకపోయింది. అదృష్టవశాత్తు చిట్టా ఉన్నది వేరే డిస్కు మీద. దాన్ని తెరచి చూస్తే, అంతకు ముందు 23 రోజులుగా ఆ 7 నంబరు పడుతూనే ఉంది. మొదట్లో రోజుకొకటి, తరువాత పూటకొకటి, చివరి రోజుల్లో గంట గంటకూ. రోగి మూలుగుతూనే ఉన్నాడు, పక్క గదిలో అందరమూ ఉన్నాము.

పోయిన అంకెలను మళ్ళీ కొలుద్దామంటే వానలు పడిపోయాయి. వ్యవసాయం చేసే ఇంట పుట్టినవాడికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఎండాకాలం అడుగంటిన నీరు వేరు, వానాకాలం ఊరిన నీరు వేరు. ఆ వేసవి అంకెలు ఆ వేసవితోనే పోయాయి. చిత్తు పుస్తకాల్లో మిగిలిన సగం లెక్కలతో వాళ్ళు ప్రాజెక్టు ముగించారు. తప్పు ఫలానావారిదని వేలు చూపడానికి లేదు. చిట్టా చూడటం ఎవరి ఉద్యోగమూ కాదు మరి.

“రోజూ ఒకసారి తెరచి చూస్తే పోలా?” అని మీరు అడగవచ్చు. మేమూ అనుకున్నాం. సెక్యూరిటీ పుస్తకంలో ఒక్క రోజులో వేల వరుసలు పడతాయి. అందులో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు “అంతా సవ్యం” అనేవే. రెండు రోజులు చూస్తాం, మూడో రోజు కళ్ళు జారిపోతాయి, నాలుగో రోజు పరీక్షలు వస్తాయి. పైగా చిట్టా శాశ్వతం కూడా కాదు. మార్చకుండా వదిలేస్తే ఒక్కో పుస్తకం పరిమాణం 20 మెగాబైట్లు. నిండగానే పాత వరుసల మీద కొత్తవి వ్రాసుకుంటూ పోతుంది. సెలవుల్లో జరిగింది సెలవుల తరువాత చూద్దామంటే అప్పటికి ఆ పేజీలే ఉండకపోవచ్చు. కాబట్టి మనం చిట్టా దగ్గరికి వెళ్ళడం కాదు, చిట్టాయే మన దగ్గరికి రావాలి.

రావడానికి వాహనం ఉత్తరం. చిట్టాకూ ఉత్తరానికీ పాత చుట్టరికమే ఉంది. కంప్యూటరు నుంచి కంప్యూటరుకు నెట్‌వర్కు మీద ఉత్తరం పంపడం 1971లో రే టామ్లిన్‌సన్ మొదలుపెట్టాడు. ఆ ఉత్తరాల బట్వాడాకు ఎస్.ఎం.టి.పి. అనే నిబంధనావళిని 1982లో జాన్ పోస్టెల్ ప్రకటించాడు. ఉత్తరాలను చేరవేసే సెండ్‌మెయిల్ అనే ప్రోగ్రామును బర్క్‌లీలో వ్రాసిన ఎరిక్ ఆల్‌మన్, ఆ ప్రోగ్రాము తన సంగతులు వ్రాసుకోవడానికి 1980 దశకంలో సిస్‌లాగ్ అనే పద్ధతిని ఏర్పరచాడు. యూనిక్సు, లైనక్సు యంత్రాల్లో చిట్టా వ్రాయడానికి ఈనాటికీ ఆధారం అదే. అంటే అక్కడ చిట్టా పుట్టిందే తపాలా కచేరీలో అన్నమాట. సిస్‌లాగులో తీవ్రత 0 నుంచి 7 దాకా ఎనిమిది మెట్లు. 0 అంటే ఇల్లు అంటుకున్నట్టు, 7 అంటే ఊసుపోక కబుర్లు.

మన ప్రయోగశాలలో ఉన్నది విండోస్ సర్వరు గనుక ఆ పద్ధతినే వివరిస్తాను. ఈవెంట్ వ్యూయరులో కావలసిన వరుస మీద మౌసు కుడి బటన్ నొక్కితే ‘అటాచ్ టాస్క్ టు దిస్ ఈవెంట్’ అనే మాట కనబడుతుంది. ఇకమీదట ఇలాంటి వరుస పడితే ఫలానా పని చెయ్యి అని సర్వరుకు పురమాయించడం అన్నమాట. 2008 నాటి సర్వరు నుంచీ ఈ సదుపాయం ఉంది. అప్పట్లో ఆ పనుల్లో ‘ఈ-మెయిల్ పంపు’ అనేది కూడా ఒకటి. చిరునామా వ్రాసి ఊరుకుంటే చాలు. అంత సుఖం ఎక్కువ కాలం నిలవలేదు. 2012 సర్వరు నుంచి మైక్రోసాఫ్టు వారు దాన్ని విరమించారు. జాబితాలో పేరు మాత్రం మిగిలింది, పక్కన విరమించినట్టు ముద్రతో. దాన్ని నమ్ముకోకూడదు.

ఇప్పుడు చేయవలసింది ‘ప్రోగ్రామును నడుపు’ అనే దాన్ని ఎంచుకొని, పవర్‌షెల్ భాషలో మనం వ్రాసిన చిన్న స్క్రిప్టును అప్పగించడం. ఆ స్క్రిప్టు చేసేది పెద్ద బ్రహ్మవిద్య కాదు. గెట్-విన్‌ఈవెంట్ అనే ఆజ్ఞతో చిట్టాలోని తాజా వరుసను తీసుకోవాలి. దానికి సర్వరు పేరు, సమయం, సందేశం జతచేసి ఉత్తరంగా కట్టాలి. మెయిల్ సర్వరుకు అప్పగించాలి. ఈ చివరి మెట్టుకు సెండ్-మెయిల్‌మెసేజ్ అనే తయారు ఆజ్ఞను చాలామంది వాడుతున్నారు. సురక్షితమైన కనెక్షనుకు అది హామీ ఇవ్వదని, అది పాతబడినదని మైక్రోసాఫ్టు వారే తమ పత్రాల్లో హెచ్చరించారు. బయటి మెయిల్ సర్వరుకు పంపేటప్పుడు మెయిల్‌కిట్ వంటి లైబ్రరీ మేలు. జీమెయిలు ద్వారా పంపదలిస్తే మరొక చిక్కు. సొంత ఖాతాల మామూలు పాస్‌వర్డును ఇలాంటి స్క్రిప్టుల నుంచి స్వీకరించడం గూగుల్ వారు 2022 మే నెలాఖరులో ఆపేశారు. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకొని, 16 అక్షరాల ప్రత్యేక పాస్‌వర్డు తీసుకోవాలి. ఇందుకోసం వేరే ఖాతా తెరవడం క్షేమం. ఎవరి సొంత ఖాతా తాళంచెవినీ ప్రయోగశాలలో వేలాడదీయకూడదు.

ఇక్కడే ఇంకొక మాట. టాస్కు లక్షణాల్లో ‘వాడుకరి లాగిన్ అయి ఉన్నా లేకున్నా నడుపు’ అనే అర్థం వచ్చే గడి ఒకటి ఉంటుంది. దాన్ని మనమే ఎంచుకోవాలి. లేకపోతే మనం సర్వరు ముందు కూర్చున్నంతసేపూ ఉత్తరాలు చక్కగా వస్తాయి. లేచి ఇంటికి వెళ్ళగానే ఆగిపోతాయి. చూసినప్పుడల్లా పనిచేసి చూడనప్పుడల్లా మానేసే కాపలావాడి వల్ల ఏం ప్రయోజనం?

ఏర్పాటు ఇంతే. ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. అసలు కష్టం ఆ తరువాత మొదలవుతుంది. ఏ వరుసకు ఉత్తరం రావాలి, ఏ వరుసకు రాకూడదు?

మా ఊళ్ళో బోరు మోటార్లకు ఈమధ్య సిమ్ కార్డు వేసే మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. కరెంటు వస్తే మెసేజి, పోతే మెసేజి, ఒక ఫేజు పోతే మెసేజి, బోరులో నీరు అందక మోటారు వట్టిగా తిరిగితే మెసేజి. మా నాన్న మొదట్లో అన్నీ పెట్టించాడు. గాలివాన పడిన ఒక రాత్రి కరెంటు వస్తూ పోతూ ఉంటే తెల్లవార్లూ ఫోను మోగుతూనే ఉంది. మర్నాటి నుంచి ఆ నంబరు నుంచి ఏది వచ్చినా చూడటం మానేశాడు. తరువాత మెకానిక్కును పిలిపించి రెండే రెండు ఉంచమన్నాడు. ఒకటి ఫేజు పోవడం, రెండు వట్టిగా తిరగడం. “మోటారు కాలేది ఆ రెంటితోనేరా, మిగతావి పొద్దున చూసుకోవచ్చు” అన్నాడు. సర్వరు గురించి నేను చదివిన పుస్తకాల్లో ఇంత సూటిగా చెప్పినది కనబడలేదు.

వెనకటి రోజుల్లో టెలిగ్రాం వచ్చిందంటే చదవకముందే ఇంటిల్లిపాదీ గుమ్మంలోకి వచ్చేవారట. 2013 జూలైలో మన దేశంలో తంతి సేవ ఆగిపోయింది గాని, ఆ బెదురు మా తాతగారి మాటల్లో ఇంకా ఉంది. కారణం స్పష్టమే. టెలిగ్రాం ఊరికే రాదు. సర్వరు ఉత్తరం కూడా అలాగే ఊరికే రానిదై ఉండాలి. అందుచేత మేము ఎంచుకున్నవి కొన్నే. డిస్కు మూలం నుంచి 7, ఫైళ్ళ అమరిక చెడిందని చెప్పే 55, చెప్పకుండా పడిపోయిన 6008, చిట్టా తుడిచిన 1102. ఒక సేవ ఉన్నట్టుండి ఆగిపోయిందని చెప్పే 7031, 7034 పెట్టాలా వద్దా అని చర్చ జరిగింది. ఫైళ్ళ సేవకు మాత్రమే పెట్టాము. ప్రింటరు ఆగిపోతే ఉత్తరం అక్కరలేదు, పిల్లలే కేకలేస్తారు.

4625 విషయంలో మాత్రం కొంచెం ఆలోచించవలసి వచ్చింది. సెలవులయ్యాక తిరిగి వచ్చిన మొదటి రోజు సగం తరగతి పాస్‌వర్డు మరచిపోయి ఉంటుంది. ఒక్కొక్క పొరపాటుకూ ఒక్కొక్క ఉత్తరమంటే గంటలో వంద. కాని అర్ధరాత్రి రెండు గంటలకు పది నిమిషాల్లో ఇరవైసార్లు తప్పు పడితే అది మరచిపోవడం కాదు. టాస్కు షెడ్యూలరుకు లెక్కపెట్టడం రాదు, స్క్రిప్టే లెక్కపెట్టాలి. గడచిన పది నిమిషాల్లో అలాంటి వరుసలు ఎన్ని ఉన్నాయో తీసి, ఒక హద్దు దాటితేనే ఉత్తరం పంపాలి. ఇంకొక చిన్న ఉపాయం కూడా ఉంది. ఒక పని నడుస్తూ ఉండగా అదే పనిని మళ్ళీ మొదలుపెట్టవద్దు అనేది షెడ్యూలరు సహజ స్వభావం. కనుక ఉత్తరం పంపిన తరువాత స్క్రిప్టును పదిహేను నిమిషాలు ఊరికే నిద్రపోనిస్తే, ఆ పదిహేను నిమిషాల్లో పడే మిగతా వరుసలు కొత్త ఉత్తరాలు పుట్టించవు. మొదటి కేక వినబడుతుంది, తక్కిన కేకలు చిట్టాలో ఉంటాయి.

ఇంతవరకు చదివి, ఉత్తరం ఏర్పాటు చేశాం గనుక ఇక నిశ్చింత అనుకునేవారు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. గిట్‌ల్యాబ్ అనే సంస్థ ప్రపంచమంతటా ప్రోగ్రాములు వ్రాసేవారి పనిని తన సర్వర్లలో భద్రపరుస్తుంది. 2017 జనవరి 31వ తేదీ రాత్రి అక్కడి ఇంజనీరు ఒకరు ఒక ఇబ్బందిని సరిచేయబోయి, ఒక సర్వరులో తుడవవలసినదాన్ని మరొక సర్వరులో, అసలు డేటాబేసులో, తుడిచేశారు. దాదాపు 300 గిగాబైట్లు పోయాయి. సరే, ప్రతి రోజూ తీసే నకలు ఉంటుంది కదా అని చూస్తే అక్కడ ఏమీ లేదు! నకలు తీసే ప్రోగ్రాము ఒక వెర్షనుది, డేటాబేసు మరొక వెర్షనుది కావడం వల్ల నకలు తీయడం విఫలమవుతూ వస్తోంది. విఫలమైనప్పుడల్లా యంత్రం ఈ-మెయిలు పంపుతూనే ఉంది. ఆ ఈ-మెయిళ్ళు ఒక్కటీ ఎవరికీ చేరలేదు. ఉత్తరం నిజంగా ఆ పేరుగల చోటి నుంచే వచ్చిందా అని తనిఖీ చేసే డిమార్క్ అనే కట్టుబాటు ఆ సంస్థలో ఉంది. యంత్రం పంపే ఈ ఉత్తరాలకు ఆ ఏర్పాటు చేయలేదు. అందుచేత పుచ్చుకునే సర్వరు వాటిని దొంగ ఉత్తరాలుగా భావించి గుమ్మంలోంచే తిప్పికొట్టింది. మరో పనికోసం ఆరు గంటల ముందు ఒకరు చేత్తో తీసిపెట్టిన నకలు ఉండబట్టి సరిపోయింది. అయినా సుమారు 5,000 ప్రాజెక్టుల వివరాలూ, 5,000 వ్యాఖ్యలూ, 700 మంది కొత్త వాడుకరుల ఖాతాలూ దెబ్బతిన్నాయి. ఇదంతా దాచకుండా ఆ సంస్థే ప్రకటించింది. అందుకు వారిని మెచ్చుకోవాలి.

చూశారా, ఇక్కడ చిట్టా వ్రాసింది. ఉత్తరమూ బయలుదేరింది. దారిలో పోయింది. చిక్కు ఎక్కడంటే, ఉత్తరం రాకపోవడానికి రెండు అర్థాలు ఉన్నాయి. అంతా క్షేమం కావచ్చు, లేదా ఉత్తరం మోసేవాడే లేకపోవచ్చు. బయటికి రెండూ ఒకే రకం నిశ్శబ్దం. అంతేకాదు, సర్వరు మొత్తం చచ్చిపోతే “నేను చచ్చిపోయాను” అని ఉత్తరం వ్రాసేదెవరు?

దీనికి మందు మన పూర్వుల ఉత్తరాల్లోనే ఉంది. “ఉభయకుశలోపరి” అనే మాటతో ఉత్తరం మొదలుపెట్టేవారు. ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమని తలుస్తాను అని. మన సర్వరు చేత కూడా ప్రతి ఉదయం ఎనిమిది గంటలకు ఒక కుశలపు ఉత్తరం వ్రాయిస్తున్నాము. ఎన్ని గంటలుగా నడుస్తున్నానో, డిస్కులో ఎంత జాగా మిగిలిందో, నిన్నటి నకలు ఎంత పెద్దదో, మూడే వరుసలు. దీని ప్రయోజనం వచ్చినప్పుడు కాదు, రానప్పుడు. ఎనిమిదింటికి అది రాలేదంటే సర్వరైనా పడిపోయి ఉండాలి, నెట్ అయినా పోయి ఉండాలి, మెయిల్ ఖాతా పాస్‌వర్డయినా చెల్లకుండా పోయి ఉండాలి. ఏదైనా సరే, వెళ్ళి చూడవలసిందే. సంక్రాంతి సెలవుల్లో ఒకసారి ఇలాగే రాలేదు. ఊళ్ళోనే ఉన్న ల్యాబ్ అసిస్టెంటుగారు వెళ్ళి చూస్తే, ఊడ్చేవారు స్విచ్చి కట్టేసి వెళ్ళారు! ఆపిందెవరో తెలిసింది గాని, స్విచ్చి మీద కాగితం అంటించడానికి మరో వారం పట్టింది. మన కళాశాల సంగతి తెలిసిందే కదా.

ఇక పరీక్ష. నిజమైన ప్రమాదం వచ్చేదాకా ఆగకుండా, ఈవెంట్‌క్రియేట్ అనే ఆజ్ఞతో మనమే చిట్టాలో ఒక దొంగ వరుస వ్రాయించి, దానికి కూడా టాస్కు తగిలించి, ఉత్తరం ఎన్ని నిమిషాల్లో వస్తుందో చూడవచ్చు. దీనికి 1 నుంచి 1000 లోపు నంబరు వాడాలి. మేము 999 పెట్టుకున్నాం. నెలలో మొదటి సోమవారం ఆ పరీక్ష జరుగుతుంది. చెత్తబుట్టలోకి, అంటే స్పాం అరలోకి, పడిందేమో కూడా అప్పుడే చూస్తాము. రెండుసార్లు పడింది.

ప్రస్తుతం ఈ ఉత్తరాలు మూడు చిరునామాలకు వెళుతున్నాయి. ఒకటి శాఖది, ఒకటి ల్యాబ్ అసిస్టెంటుగారిది, ఒకటి నాది. శాఖ చిరునామా ఎప్పటికీ ఉండేదే. నాది మాత్రం ఏప్రిల్‌లో తీసేసి, రెండవ సంవత్సరం వారిలో ఒకరిది చేర్చాలి. స్క్రిప్టులో చిరునామాలున్నది 14వ వరుస. ఆసక్తి ఉన్నవారు పరీక్షలకు ముందే నన్ను కలిస్తే, మొదటి సోమవారం పరీక్ష ఎలా చేయాలో దగ్గరుండి చూపిస్తాను.